మంచం కింద తిలిస్మ్

ముందు హిసాబ్ చెప్పేస్తాను. ఇవాళ్టికి మా ఇంట్లో నేను చదవకుండా పెట్టుకున్న జాదూ కథల పుస్తకాలు నలభై ఒకటి. ఉర్దూవి పద్నాలుగు, తెలుగువి పదహారు, ఇంగ్లీషువి పదకొండు. పోయిన రంజాన్ నాటికి ముప్ఫై ఆరే ఉండేవి. ఈ మధ్యలో రెండు పూర్తిచేశాను, ఏడు వచ్చి చేరాయి. ఈ చొప్పున పోతే నా జనాజా లేచే నాటికి ఇంట్లో మనుషులకి చోటుండదు.

తొమ్మిదో శతాబ్దంలో బస్రాలో అల్ జాహిజ్ అనే గొప్ప అరబ్బీ రచయిత ఉండేవాడు. ముసలితనంలో పుస్తకాల దొంతర మీద పడి ఇంతెఖాల్ అయ్యాడని ఒక రివాయత్ ఉంది. నిజమో కాదో గానీ ఆ కిస్సా చెప్పిన రోజే మా బేగం మంచం తల వైపున్న దొంతరని కాళ్ల వైపుకి మార్పించింది. జపాన్ వాళ్లయితే కొని చదవకుండా పేర్చుకోవడానికి 'త్సుందోకు' అని ఒక మాటే పెట్టుకున్నారు. మన దగ్గర దానికి పేరు లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి. పాత పేపర్లకి మా వీధికొచ్చే ముసలాయన ప్రతి నెలా గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇన్నేటి సేసుకుంతావు బావూ? సదివీసినవైనా ఇచ్చీరాదేటి?" అంటాడు. చదివేసినవి ఇవ్వను, చదవనివి అసలే ఇవ్వను అంటే ఆయనకి నా మీద జాలి.

లెక్కతో ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ మధ్య చదువు అంటేనే లెక్క అయిపోయింది. జనవరి ఒకటో తారీఖున ఈ ఏడాది యాభై పుస్తకాలని నియ్యత్ చేసుకోవడం, డిసెంబర్ 31న మార్కుల జాబితాలా బయటపెట్టుకోవడం. యాభై చదివినవాడు ఘాజీ. పన్నెండు చదివినవాడు మొహం దాచుకోవాలి. చదవని పుస్తకాన్ని ఖజా అయిన నమాజులా చూస్తున్నారు, ఎప్పటికైనా తీర్చాల్సిన బాకీలాగా. నాకీ పద్ధతి నచ్చదు. నమాజ్ ఫర్జ్. పుస్తకం ఫర్జ్ కాదు. మరీ ముఖ్యంగా జాదూ కథల విషయంలో ఈ 'పూర్తిచేయడం' అనే మాటే బేకార్ అని నా వాదన. ఎందుకో చెప్తాను, కొంచెం సబర్ చేయండి.

నా ఉర్దూ పద్నాలుగులో ఎనిమిది ఒకే కథవి. తిలిస్మె హోష్‌రుబా. జిల్దులు ఏడే గానీ ఐదోది రెండు ముక్కలు. లఖ్‌నవూలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ 1883లో మొదటిది అచ్చు వేసింది. తొలి నాలుగూ ముహమ్మద్ హుసేన్ జాహ్ రాశాడు, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్. మొత్తం దాదాపు ఎనిమిది వేల పేజీలు. ఇదీ కథంతా కాదు. దాస్తానె అమీర్ హమ్జా అనే దరియాలో హోష్‌రుబా ఒక పాయ. ఆ దరియా మొత్తం నలభై ఆరు జిల్దులు, నలభై రెండు వేల పేజీలకి పైమాటే. రోజుకి ఇరవై పేజీలు, ఈద్‌నాడు కూడా నాగా లేకుండా చదివితే ఐదేళ్ల తొమ్మిది నెలలు. ఆ నలభై ఆరూ సంపాదించి, కూర్చుని చదివి, వాటి మీద పుస్తకాలే రాసిన మనిషి షమ్సుర్రహ్మాన్ ఫారూఖీ సాబ్. తపాలా శాఖలో నౌకరీ చేసిన మనిషి. 2020లో వెళ్లిపోయారు, అల్లా మగ్ఫిరత్ చేయుగాక. అలాంటి వాళ్లు నూరేళ్లకి ఒకరు. మనం వాళ్లం కాదు. పత్రిక డెస్క్‌లో పనిచేసి రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరేవాణ్ని నేనసలే కాదు.

అయితే ఆ పేజీలు ఒంటరిగా కూర్చుని మౌనంగా మింగడానికి పుట్టలేదు. దాస్తాన్ అంటే చెప్పేది, వినేది. దాస్తాన్‌గో వచ్చి కూర్చుంటే మహఫిల్ పోగయ్యేది. రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. అంటే యుద్ధం, విందు వినోదం, మాయ, వేషాలు మార్చే జిత్తులు. ఈ నాలుగింటిని అటూ ఇటూ తిప్పుతూ రాత్రంతా లాగేవాళ్లు. దాస్తాన్‌ని ముందుకి నడపడం కంటే ఆపడం పెద్ద హునర్. ఆషిక్ మాషూక్‌ల మధ్య ఒక్క పర్దా ఉంటుంది, చెయ్యి చాస్తే తొలగిపోతుంది, ఆ చెయ్యి చాచనివ్వకుండా రోజుల తరబడి కథ చెప్పిన ఉస్తాద్ గురించి లఖ్‌నవూలో ఒక కిస్సా చెప్పుకుంటారు. అలాంటి కథని 'యాభై పుస్తకాల' జాబితాలో పెట్టి గడియారం చూసుకుంటూ పరిగెత్తించడమంటే బిర్యానీని మాత్రలా మింగడమే. మీర్జా గాలిబ్‌కి కూడా ఈ దాస్తాన్ల పిచ్చి ఉండేది. దాస్తాన్ జిల్దు వచ్చిందని దోస్తుకి ఖత్ రాసుకుని మురిసిపోయాడు. ఎన్ని పేజీలు మిగిలాయో లెక్క రాసుకున్నట్టు మాత్రం ఎక్కడా కనపడదు.

మా నానా నెల్లిమర్ల జూట్ మిల్లులో టైమ్‌కీపర్. ఆయన దగ్గర నవల్ కిశోర్ వాళ్ల పాత జిల్దు ఒకటి ఉండేది, మొదటిదే. హైదరాబాద్ నుంచి ఎవరో బంధువు తెచ్చారట. వర్షాకాలం రాత్రులు ఇషా తర్వాత లాంతరు పెట్టుకుని పైకి చదివేవారు. ఆడవాళ్లు లోపలి గదిలో, మగవాళ్లు అరుగు మీద. మిల్లులో ఆయనతో పనిచేసే తెలుగు వాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్ల కోసం నానా మధ్యమధ్యలో ఆగి, "అంటే ఏటంటే…" అని తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి మళ్లీ ఉర్దూలోకి వెళ్లేవారు. ఎక్కడ చదివితే అక్కడి నుంచే. నిన్న ఎక్కడ ఆపారో ఎవరికీ పట్టేది కాదు. అమర్ అయ్యార్ జంబీల్ తెరిచాడంటే చాలు, అరుగు మీద నవ్వులు. జంబీల్ అంటే ఆయన భుజాన వేలాడే సంచీ. ఊళ్లకి ఊళ్లు పడతాయి అందులో. నానా ఆ జిల్దుని ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా చదివారా అంటే నాకు డౌటే. కానీ ఆయనకంటే బాగా ఆ పుస్తకాన్ని చదివినవాళ్లని నేను చూడలేదు.

ఆ జిల్దు 2014 అక్టోబర్ 12న పోయింది. హుద్‌హుద్ తుఫాను రోజు. సులేమాన్ అలైహిస్సలాం దగ్గరికి సబా దేశపు ఖబర్ తెచ్చిన పిట్ట పేరు పెట్టుకుని వచ్చిన గాలి మా పైకప్పు రేకులు లేపేసింది. మర్నాడు నీళ్లు తోడి చూస్తే, పాత గుడ్డ కాగితం కాబట్టి ఆ పేజీలు చిరగలేదు, ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోయాయి. ఫ్యాన్ కింద పెడదామంటే రోజుల తరబడి కరెంట్ లేదు. ఎండలో పెడితే బయటి అంచులు వంకర తిరిగాయి, లోపల తడి అలాగే ఉండి బూజు పట్టింది. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, నీడలో గాలికి ఉంచి పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి మారుస్తూ ఉండాలని తర్వాత లైబ్రరీలో పనిచేసే ఒకాయన చెప్పారు. ఆ వారం మా ఊళ్లో తెల్ల కాగితం సంగతి దేవుడెరుగు, తాగే నీళ్లకే లైన్లు. ఇంకో నాలుగేళ్లకి 2018లో తిత్లీ వచ్చి శ్రీకాకుళం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఈ సముద్రం ఒడ్డున పుస్తకం దాచుకోవడమంటే చెదలతో, ఉప్పుగాలితో, అక్టోబర్ నెలతో రోజూ చేసే జంగ్. ఇప్పుడు నా దగ్గరున్న ఎనిమిదీ పాట్నా ఖుదాబఖ్ష్ లైబ్రరీ వాళ్లు మళ్లీ అచ్చు వేసినవి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండు విడతల్లో దొరికాయి. మంచం కిందే గానీ నేల మీద కాదు, ఇటుకల మీద చెక్క వేసి పెట్టాను.

తెలుగు పదహారులో పదకొండు మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు. పన్నెండు భాగాలకి ఒకటి తక్కువ. మణిసిద్ధుడనే యతి ఒక గోపాలుర కుర్రాణ్ని వెంటబెట్టుకుని కాశీకి నడుస్తుంటాడు. ప్రతి మజిలీలో ఆగినప్పుడు కుర్రాడు ఒక వింత చూస్తాడు, యతి దాని కథ చెప్తాడు. 'మజిలీ' మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? అరబ్బీ 'మంజిల్'. హిందువుల పరమ పవిత్ర యాత్రకి వెళ్లే దారిలో రాత్రి బస మాత్రం అరబ్బీలో చేశారు దీక్షితులుగారు. దాని మీద ఎవరూ కేసు పెట్టలేదు, శుకర్ హై. 1951లో వచ్చిన పాతాళభైరవికి మూలం ఆ కథల్లోనే ఉంది. మిగతా ఐదూ పాత చందమామ సీరియళ్లు విడదీసి బైండు చేయించినవి. రాకాసి లోయ, పాతాళ దుర్గం, శిథిలాలయం వగైరా. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు సీరియల్ కింద వేసేవాళ్లు కాదు. ఎవరు రాశారో తెలియకుండానే మా తరం పిల్లలు నెల నెలా ఆ లోయల్లో తిరిగారు. నాకు అందులో మధ్య మధ్య నెలలు తప్పిపోయాయి. శ్రీకాకుళంలో చందమామ మా ఇంటికొచ్చేది కాదు, పక్కింటికొచ్చేది. వాళ్లు సెలవులకి ఊరెళ్తే నా కథానాయకుడు కొండ అంచున వేలాడుతూ ఉండిపోయేవాడు. కొందరు ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నారు. కట్టినవి చదవొచ్చు కదా అంటారా, ఒక్కోసారి ఆ వేలాడటమే బాగుంటుంది.

ఇంగ్లీషు పదకొండూ మా అమ్మాయివి. పద్నాలుగేళ్లు. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' మొదలుపెట్టింది. పద్నాలుగు జిల్దుల సిల్సిలా. 1990లో మొదలై 2013లో ముగిసింది. రాసినాయన 2007లో చనిపోతే ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు చూసి బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో రచయిత ఆఖరి మూడూ పూర్తిచేశాడు. ఇది విన్నప్పుడు నాకు జాహ్, ఖమర్‌లే గుర్తొచ్చారు. నాలుగు ఒకరు, మిగతావి ఇంకొకరు. లఖ్‌నవూ అయితేనేం అమెరికా అయితేనేం, ఇంత పొడుగు కథకి ఒక మనిషి ఉమర్ చాలదు. నేను మూడు జిల్దులు చదివి ఆపేశాను. గడ్డం పట్టుకుని జడ లాక్కుని ఆలోచించే జనం ఎక్కువైపోయారు. అమ్మాయి మాత్రం ఆరోదానిలో ఉంది, మధ్యలో నాలుగు వందల పేజీలు దూకేసి. "దూకకూడదు బేటీ" అని చెప్పాల్సింది నేనే కదా. చెప్పలేదు. హోష్‌రుబాలో తోటలోని పండ్ల పేర్లు రెండు పేజీలు సాగితే నేనూ దూకుతాను. ఖమర్ జిల్దుల్లో ఆయన సొంత డబ్బా మొదలైతే ఇంకా వేగంగా దూకుతాను. నా మట్టుకు జాహ్ ఉస్తాద్, ఖమర్ మేనేజర్.

ఇప్పుడు అసల్ బాత్.

మా ఉత్తరాంధ్రలో ఇలాంటి పుస్తకాలు చదువుతానని చెప్పుకోవడం కాస్త షరమ్‌గా ఉండే పని. విజయనగరం గురజాడ ఊరు. చాసో ఊరు. శ్రీకాకుళంలో కారా మాస్టారు సాహిత్య అకాడమీ అవార్డు డబ్బుతో మొదలుపెట్టి 1997లో కథానిలయం కట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలని తొంభై ఏళ్లు దాటినా పట్టుదలతో ఉన్న మనిషి. ఈ నేల మీద కథంటే భూమి, కూలి, ఆకలి, అప్పు. ఆ కథలు చదివే నేను తెలుగు నేర్చుకున్నాను. ఉర్దూ మీడియం బడిలోంచి వచ్చి తెలుగు డిగ్రీలో కూర్చున్నవాణ్ని, యజ్ఞం చదివిన రోజు అన్నం సయించలేదు. ఆ ఇజ్జత్ ఎప్పటికీ ఉంటుంది. కానీ ఆ వెలుగులో ఇంకొకటి జరిగింది. క్లాసులో 'అభూత కల్పన' అనేది తిట్టు. మాంత్రికుడు, గుహ, చిలకలో ప్రాణం అంటే కాలక్షేపం, వెనకబాటు, పిల్లల సరుకు. నేను దాస్తాన్ల మీద వ్యాసం రాస్తానంటే ఒక మాస్టారు, "రాజుల భజన మనకెందుకయ్యా" అన్నారు.

రాజుల భజనా? హోష్‌రుబాలో కథ నడిపించేది రాజులు కాదు. హమ్జా యోధుడే గానీ పని జరిపించేది అమర్ అయ్యార్. పిసినారి, దొంగ, వేషగాడు, బక్క మనిషి. జాదూ రాని అయ్యార్లు ఐదుగురు పెద్ద పెద్ద సాహిర్లని సబ్బు గుబిల్లలో మత్తుమందు పెట్టి పడగొడుతుంటారు. పైన కూర్చున్నవాడి దగ్గర సర్వశక్తులూ ఉంటాయి, కింద ఉన్నవాడి దగ్గర తెలివీ మారువేషమూ తప్ప ఏమీ ఉండవు. చదివేవాడు ఎవరి వైపుంటాడో మీరే చెప్పండి. అఫ్రాసియాబ్ అనే జాదూ బాద్‌షా రాజ్యం మూడు భాగాలు. జాహిర్, బాతిన్, జుల్మాత్. కనపడేది, కనపడనిది, చీకటిది. మధ్యలో నెత్తురు పారే ఏరు. మామూలు జనం జాహిర్‌లో ఉంటారు, హుకుం బాతిన్ నుంచి వస్తుంది. పాతికేళ్లుగా కలెక్టరేట్లూ పార్టీ ఆఫీసులూ తిరిగి వార్తలు రాస్తున్నాను, ఇంతకంటే సాఫ్‌గా ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తులేదు.

ఇంకో మాట. ఆ తిలిస్మ్‌ని కట్టినవాడే అది ఏ రోజు, ఎవరి చేతిలో కూలాలో ముందే రాసిపెట్టి ఉంటాడు. దాన్ని కూల్చే మనిషికి 'తిలిస్మ్ కుషా' అని పేరు. అది ఎలా కూలుతుందో రాసిన పలక ఒకటుంటుంది, 'లౌహ్'. అది దొరికేదాకా ఎంత పహిల్వాన్ అయినా లోపల బందీ. యథార్థ కథలో ఆకలి ఎలా ఉంటుందో తెలుస్తుంది. అది చాలా ముఖ్యం. కానీ ఎంత పెద్ద మాయకైనా కూలే తారీఖు ఉంటుందనే నమ్మకం నాకు ఈ అభూత కల్పనల్లో దొరికినంత గట్టిగా వేరే చోట దొరకలేదు.

మాది రెండోవైపు నుంచి కూడా దెబ్బ తినే ఖౌమ్. మసీదులో ఒక బుజుర్గ్ అడిగారు: "ఇందులో ఫాయిదా ఏంటి మియా? జాదూ హరామ్ కదా." ఆయన అడగడంలో తప్పు లేదు. ఖురాన్‌లో సూరె లుఖ్మాన్‌లో పనికిమాలిన కథలు కొని తెచ్చి జనాన్ని దారి తప్పించేవాళ్ల ప్రస్తావన ఉంది. రుస్తుం కథలు చెప్పి మక్కా జనాన్ని లాక్కున్న మనిషి గురించి తఫ్సీర్‌లలో చదువుతాం. అక్కడ ఉన్న షర్తు కూడా చదవాలి, దారి తప్పించడానికి అని. దాస్తాన్‌లో జాదూ చేసేవాళ్లంతా అవతలి పక్షం. హమ్జా పక్షం వాళ్లు సాహిర్లుగా గెలవరు. ఇటు చేరిన మహ్‌రుఖ్, బహార్ లాంటి సాహిరాలు ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. ఇక కథలోని హమ్జాకీ ఉహద్‌లో షహీద్ అయిన హజ్రత్ హమ్జా రజియల్లాహు అన్హుకీ పేరు తప్ప పోలిక లేదు. దీన్ని సీరత్ అనుకుని చదివితే తప్పే. కథ అనుకుని చదివితే కథే. బుజుర్గ్‌తో ఇంత చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ సంచీ పేరేంటన్నావ్?" అని అడిగారు.

ఇంతకీ నా బెంగ పుస్తకాలు చదవలేదని కాదు. మా ఇంట్లో ఈ ఉర్దూ పద్నాలుగింటిని చదవగలిగిన మనిషి నేనొక్కణ్నే. బేగం ఉర్దూ మాట్లాడుతుంది, ఖురాన్ అరబ్బీలో ఓదుతుంది, ఉర్దూ పుస్తకం పట్టుకుంటే తడబడుతుంది. అమ్మాయి ఇంగ్లీషు మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఉర్దూ వస్తుంది, నోటితో. తమ్ముడి పిల్లలకి అదీ అంతంతమాత్రం. 2022లో ఆంధ్రప్రదేశ్ అంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. సంతోషమే. ముస్లింలు నూటికి ఒకరు కూడా లేని మా రెండు జిల్లాల్లో ఉర్దూలో దరఖాస్తు రాసేవాళ్లెవరో, చదివేవాళ్లెవరో వెతకాలి. ఒకప్పుడు శ్రీకాకుళం పేరు గుల్షనాబాద్. ఖుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ అక్కడ ఉంది. నేను పోయాక ఈ పద్నాలుగూ ఏమవుతాయి? పాత పేపర్ల ముసలాయన జాలిపడక్కర్లేని రోజొకటి వస్తుంది. ఆయన తూకం వేసుకుంటాడు. అప్పుడది చదవని పుస్తకాల దొంతర కాదు, చదవలేని పుస్తకాల దొంతర. ఈ రెంటికీ చాలా ఫరఖ్ ఉంది. మొదటిదానికి బద్ధకం కారణం, దాన్నెవరూ పట్టించుకోనక్కర్లేదు. రెండోది ఒక ఇంట్లో ఒక జబాన్ కళ్లు మూసుకోవడం.

అందుకే మూడు నెలల నుంచి వారానికొకసారి, నా ఆఫ్ రోజున, నానా పని మొదలుపెట్టాను. పైకి చదువుతాను. ఉర్దూలో ఒక పేరా, తెలుగులో దాని సంగతి. అమ్మాయి, తమ్ముడి పిల్లలిద్దరు, కింద వాటాలో ఉండే తెలుగు మాస్టారి అబ్బాయి. బేగం వంటింట్లోంచే వింటుంది, అయ్యార్ ఎక్కడైనా తప్పు వంట చెప్తే సరిదిద్దుతుంది.

చదవడం ఆసాన్, చెప్పడం ముష్కిల్. 'అయ్యార్'కి తెలుగు ఏంటి? గూఢచారి అంటే సినిమా. మాయావి అంటే అతనికి మాయ తెలీదు. దొంగ అంటే సగం నిజం. బహురూపి అన్నాను, మాస్టారి అబ్బాయి పగటి వేషగాడు అన్నాడు. వాడిదే బాగుంది. 'సాహిబ్ ఖిరాన్' దగ్గర ఇబ్బంది పడతాననుకున్నాను. రెండు శుభ గ్రహాలు కలిసిన ఘడియలో పుట్టినవాడు అనగానే ముగ్గురూ అర్థమైందన్నట్టు తలలూపారు. పంచాంగం చూసే నేలలో ఆ మాటకి వ్యాఖ్యానం అక్కర్లేదు. 'తిలిస్మ్' మాత్రం తెలుగు చేయలేదు, తిలిస్మ్‌గానే ఉంచాను. ఆ మాట అరబ్బీలోకే గ్రీకు నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'టాలిస్మన్' దాని చెల్లెలే. అన్ని ఊళ్లు తిరిగొచ్చిన మాట విజయనగరంలో దిగితే పేరు మార్చుకోమని అడగడం మర్యాద కాదు.

ఈ మాటల రాకపోకలు మా దగ్గర కొత్త కాదు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి విజయనగరాన్ని హరికథతో ఊపేసిన ఆదిభట్ల నారాయణదాసుగారు పారసీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ తెచ్చారు. అటునుంచి గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ సాబ్ మా బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా రాష్ట్రమంతా మోసుకెళ్లారు. హైదర్ జంగ్ కుట్రని ఒక ముసల్మాన్ గొంతు చెప్తుంటే ఊళ్లకి ఊళ్లు కూర్చుని ఏడ్చాయి. ఆయన పోయింది కూడా 1997లోనే, కథానిలయం వచ్చిన ఏడాది. హరికథ, బుర్రకథ, దాస్తాన్‌గోయీ. మూడింటికీ కావాల్సింది ఒక గొంతూ, కూర్చునే జనమూ. ఢిల్లీలో ఆఖరి పాత తరం దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో పోయాడు. 2005లో ఫారూఖీ సాబ్ ప్రోత్సాహంతో మహమూద్ ఫారూఖీ దాన్ని మళ్లీ వేదిక ఎక్కించాడు. డెబ్బై ఏడేళ్లు చచ్చిపోయి ఉన్న కళ లేచి కూర్చోగలిగితే, తెలుగులో దాస్తాన్ ఎందుకు కూర్చోకూడదు? మా ఊరి జనానికి నేర్పక్కర్లేదు, రాత్రంతా కథ వినడం వాళ్ల నెత్తుట్లో ఉంది. హరికథ చెప్పే పిల్లలు విజయనగరంలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరికి అమర్ అయ్యార్‌ని ఇచ్చి చూడాలని నా ఖ్వాహిష్.

లెక్క ఇంకోసారి చెప్తాను, ఈసారి వేరే లెక్క. వారానికి ఒక రోజు, ఇరవై పేజీలు. హోష్‌రుబా ఎనిమిది వేలకి నాలుగు వందల వారాలు. ఏడేళ్ల ఎనిమిది నెలలు. అప్పటికి అమ్మాయికి ఇరవై రెండు దాటతాయి. బెంగళూరులోనో ఇంకెక్కడో ఉంటుంది. మేం పూర్తిచేయలేమని ఈ గదిలో అందరికీ తెలుసు. అందుకని లిపి మొదలుపెట్టాను. ప్రతి వారం చదివిన భాగంలోంచి ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో తను చూసి రాయాలి. అలిఫ్, బే దగ్గర ఏడిపించింది. ఖురాన్ కోసం అక్షరాలు ముందే వచ్చు కాబట్టి పే, చే, గాఫ్ లాంటివి కలిపితే సరిపోయింది. కానీ ఉర్దూలో జేర్ జబర్ పెట్టరు, ఊహించుకుని చదవాలి. "చెప్పకుండా ఎలా తెలుస్తుంది అబ్బా, ఇది కూడా తిలిస్మేనా?" అంది. పోయిన వారం 'జంబీల్' తనే కూడబలుక్కుని చదివింది. తప్పు చదివిన 'హైరత్' మీద అరగంట గొడవ. హైరత్ అంటే ఆశ్చర్యం, అఫ్రాసియాబ్ రాణి పేరు కూడా. రెండూ కరెక్టేనని నేను, ఒకటే కరెక్టు ఉండాలని తను.

కాబట్టి మీ ఇంట్లో కూడా ఇలాంటి దొంతర ఉంటే, ఉర్దూదో తెలుగుదో ఒరియాదో, సంవత్సరాంతపు లెక్క కోసం దాన్ని కరిగించకండి. ఒకటి తీసి, ఎక్కడ తెరుచుకుంటే అక్కడ, ఇంట్లో ఎవరికి ఆ లిపి రాదో వాళ్లని కూర్చోబెట్టుకుని పైకి చదవండి. బోరు కొడితే పిల్లలే లేచి వెళ్లిపోతారు, వాళ్లకంటే పెద్ద విమర్శకులు లేరు. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఉర్దూ చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి. ఎనిమిది జిల్దులు ఉన్నాయి, గొంతు ఒకటే ఉంది, అదీ డెస్క్ పనితో బొంగురుపోతోంది. చాయ్ మాది.

ఇంకో చిన్న దరఖాస్తు. కాశీమజిలీ కథల్లో ఏడో భాగం మా ఇంటి నుంచి ఎవరో చదివిస్తానని పట్టుకెళ్లారు. ఆ భాగం లేకుండా యతీ కుర్రాడూ ఆరో దగ్గర ఆగిపోయారు. ఎవరి దగ్గరున్నా తెచ్చి గుమ్మంలో పెట్టేసి వెళ్లిపోండి, ఏమీ అడగను.